యు0159 వచ్చిందంటే పార్కింగ్ మాడ్యూల్ పోయినట్టేనా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: 2021 మోడల్ చిన్న ఎస్‌యూవీ. మొన్నటి వానల తరువాత రివర్సు గేరు వేస్తే పార్కింగ్ సహాయం పనిచేయడం లేదని డ్యాష్‌బోర్డు మీద సందేశం వస్తోంది, బీప్ శబ్దం రావడం లేదు. కొన్ని రోజులు మధ్యాహ్నం ఎండెక్కాక దానంతట అదే బాగవుతోంది. సర్వీసు కేంద్రంలో స్కానర్ పెడితే యు0159 అనే కోడ్ కనిపించింది. మాడ్యూల్ (పార్కింగ్ సెన్సర్లను నడిపే చిన్న కంప్యూటర్ పెట్టె) మార్చాలి, 26,000 రూపాయలు అవుతుంది అన్నారు. మార్చమంటారా?

ఇప్పుడే మార్చవద్దు. నేను విజయవాడ ఆటోనగర్‌లో పంతొమ్మిదేళ్ళుగా కార్ల వైరింగ్ పనిలో ఉన్నాను. నిజంగా లోపల కాలిపోయిన పార్కింగ్ మాడ్యూళ్ళు నా చేతికి వచ్చినవి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అనవసరంగా మార్పించి, పాతదాన్ని అట్టపెట్టెలో పెట్టుకుని నా దగ్గరకు వచ్చినవారిని లెక్కపెట్టడం మాత్రం ఎప్పుడో మానేశాను. మీ ప్రశ్నలో కోడ్ కన్నా ముఖ్యంగా నాకు కనిపించిన మాట "ఎండెక్కాక బాగవుతోంది" అన్నది. చిప్పు కాలిపోయిన మాడ్యూల్‌కు ఎండపొడ సోకితే ప్రాణం రాదు. తడి ఆరితే తేరుకునేవి కప్లర్లు (తీగలను కలిపే ప్లగ్గులు), ఎర్త్ బోల్టులు (నెగటివ్ తీగను కారు బాడీకి బిగించేవి), తీగల అతుకులు. ఒక్కోసారి మాడ్యూల్ లోపలి బోర్డు మీద చేరిన తడి కూడా కావచ్చు. అప్పుడైనా ముందు తేల్చవలసింది ఆ నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయన్నదే.

ముందు ఆ కోడ్ ఏం చెబుతోందో చూద్దాం. కారులోని మాడ్యూళ్ళు మెలివేసిన రెండు తీగల మీద మాట్లాడుకుంటాయి. దాన్నే క్యాన్ బస్ అంటారు. బాష్ సంస్థ 1986లో డెట్రాయిట్‌లో దీన్ని లోకానికి చూపించింది. అంతకు ముందు ఒక్కో సంకేతానికి ఒక్కో తీగ లాగేవారు, వైరింగ్ కట్ట మనిషి చేయంత లావు అయ్యేది. క్యాన్ పద్ధతిలో ప్రతి మాడ్యూల్ ఎవరూ అడగకపోయినా తన సంగతిని సెకనుకు ఎన్నోసార్లు చెబుతూనే ఉంటుంది. మిగిలినవన్నీ వింటాయి, తమకు పనికొచ్చేది తీసుకుంటాయి. రావలసిన మాట అనుకున్న వ్యవధిలో రాకపోతే, వినవలసిన మాడ్యూల్ తన జ్ఞాపకంలో యు అక్షరంతో మొదలయ్యే కోడ్ రాసుకుంటుంది. యు0159 అంటే "పార్కింగ్ మాడ్యూల్ మాట నాకు వినిపించలేదు" అని, అంతే.

బడిలో హాజరు పిలిచేటప్పుడు పలకని పిల్లవాడి పేరు ఎదుట మాస్టారు సున్నా చుడతారు. వాడు నిజంగా బడికి రాకపోయి ఉండవచ్చు, వచ్చి నిద్రపోతూ ఉండవచ్చు, పలికినా పక్కవాళ్ళ గోలలో వినిపించకపోయి ఉండవచ్చు, మాస్టారికే చెవులు సరిగా లేకపోయి ఉండవచ్చు. సున్నా ఒకటే, కారణాలు నాలుగు. మాడ్యూల్ పోవడం వాటిలో ఒకటి మాత్రమే. మీకు అంచనా రాసి ఇచ్చినవారు మిగిలిన మూడింటిని చూశారో లేదో ఆ కాగితంలో లేదు.

కాబట్టి మొదటి ప్రశ్న: ఆ సున్నా చుట్టింది ఎవరు? ఇంజిను కోడ్లు మాత్రమే చదివే చిన్న స్కానర్‌తో ఇది తేలదు. కారులోని అన్ని మాడ్యూళ్ళనూ వరసగా పలకరించే స్కానర్ కావాలి. ముందు ఉన్న కోడ్లన్నీ కాగితం మీద రాసుకోండి, లేదా ఫోనులో ఫోటో తీసుకోండి. తరువాత చెరిపేసి, కారును ఒకసారి ఆపి, మళ్ళీ స్టార్టు చేసి, రివర్సు వేసి చదవండి. ఎప్పుడో బ్యాటరీ పడిపోయి వేరే కారు నుంచి కరెంటు తీసుకుని స్టార్టు చేసి ఉంటే, ఆ రోజు పుట్టిన యు కోడ్లు గంపెడు పాతవిగా మిగిలిపోయి ఉంటాయి. అవి చూసి భయపడి ఏం లాభం లేదు, తిరిగి వచ్చినవే లెక్క.

తిరిగి వచ్చిన కోడ్‌ను బట్టి దారి చీలుతుంది. డ్యాష్‌బోర్డు మీటరు, బీసీఎం (లైట్లు, తలుపుల వంటి బాడీ పనులు చూసే మాడ్యూల్), ఏబీఎస్ (బ్రేకుల మాడ్యూల్) అన్నీ కలిసి పార్కింగ్ మాడ్యూల్ వినిపించడం లేదని చెబితే, స్కానర్‌కు కూడా అది పలకకపోతే, మాడ్యూల్ నిజంగానే మౌనంగా ఉంది. దానికి కరెంటు, ఎర్త్, క్యాన్ తీగలు చేరుతున్నాయా అన్నది చూడాలి. ఒక్క డ్యాష్‌బోర్డు మీటరు మాత్రమే ఫిర్యాదు చేస్తూ, స్కానర్‌తో పార్కింగ్ మాడ్యూల్ చక్కగా మాట్లాడుతుంటే, అనుమానం మీటరు వైపో, ఒక క్యాన్ జంట మాటను మరో జంటకు అందించే గేట్‌వే మాడ్యూల్ వైపో పోవాలి. మూడో రకం కూడా ఉంది. పార్కింగ్ మాడ్యూల్ లోపలే "ఏబీఎస్ నుంచి నాకు మాట రావడం లేదు" అనే యు0121 రాసి ఉంటుంది. తెలియనివారు దాన్నీ పార్కింగ్ మాడ్యూల్ లోపమే అంటారు. ఫిర్యాదు రాసుకోగలిగిందంటే అది మేలుకునే ఉందని అర్థం. వేగం సమాచారం రాకపోతే పార్కింగ్ సహాయం తనను తాను ఆపేసుకునే కార్లు ఉన్నాయి, అక్కడ రోగం ఏబీఎస్ వైపు ఉంటుంది.

బ్యాటరీ సంగతి ఒక్క మాటలో చెప్పి ముందుకు పోతాను. ఇంజిను ఆపి కాసేపు వదిలేశాక 12.6 వోల్టుల దగ్గర, నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. అలా లేకపోతే ముందు దాని సంగతి చూసి, తరువాతే మిగిలిన పరీక్షలు చేయండి. వోల్టేజి తక్కువైతే మంచి మాడ్యూళ్ళు కూడా మాట తడబడతాయి.

ఇక అసలు పని. చాలా కార్లలో ఈ మాడ్యూల్ డిక్కీలో ఏదో ఒక పక్క ప్లాస్టిక్ ప్యానెల్ వెనుక ఉంటుంది. మీ మోడల్ వైరింగ్ చిత్రం సంపాదించి, కప్లర్‌లో ఏ పిన్ను ఏమిటో తెలుసుకోకుండా మల్టీమీటరు ముళ్ళు గుచ్చవద్దు. చిత్రం దొరికాక, తాళం ఆఫ్ చేసి, కప్లర్ ఊడదీసి, పిన్నులను మంచి వెలుతురులో చూడండి. ఆకుపచ్చని చిలుము కనిపిస్తే సగం పని అయిపోయినట్టే.

చిలుము లేకపోతే కరెంటు కొలవాలి. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. మల్టీమీటరు పెడతారు, 12 వోల్టులు చూపిస్తుంది, "కరెంటు వస్తోంది" అని మాడ్యూల్ మీద నేరం మోపుతారు. మల్టీమీటరు దాదాపు కరెంటే లాగదు. పదహారు పోగుల తీగలో పదిహేను తెగి ఒక్క పోగు మిగిలినా అది నిక్షేపంగా 12 చూపిస్తుంది. మాడ్యూల్ మేలుకుని నిజంగా కరెంటు అడిగేసరికి ఆ ఒక్క పోగు చేతులెత్తేస్తుంది. అందుకే నా సంచిలో మీటరు కన్నా ముందు బయటకు వచ్చేది రెండు తీగలు అతికించిన మామూలు కారు బల్బు. మాడ్యూల్ కప్లర్‌లో కరెంటు పిన్నుకు, ఎర్త్ పిన్నుకు మధ్య ఆ బల్బు పెడతాను. బ్యాటరీ దగ్గర ఎంత తెల్లగా వెలిగిందో ఇక్కడా అంతే తెల్లగా వెలగాలి. ఎర్రగా మిణుకుమంటే దారిలో ఎక్కడో అడ్డు ఉంది. అది ఏ పక్కనో తేల్చడానికి బల్బు వెలుగుతుండగానే మీటరు తీసుకుని, ఒక ముల్లు బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది కప్లర్ ఎర్త్ పిన్ను మీద పెట్టండి. 0.1 వోల్టు లోపు ఉంటే ఎర్త్ బాగున్నట్టే. అరవోల్టో, ఒక వోల్టో చూపిస్తే ఎర్త్ బోల్టు దగ్గరకు వెళ్ళండి. రంగు కింద తుప్పు ఉంటుంది, లేదా బోల్టు వదులుగా ఉంటుంది.

ఇక్కడ రెండు హెచ్చరికలు. ఫ్యూజు నుంచి నేరుగా వచ్చే తీగ అయితే 21 వాట్ల బల్బు పెట్టవచ్చు, అది రెండు ఆంపియర్ల లోపే లాగుతుంది. కరెంటును బీసీఎం లోపలి ఎలక్ట్రానిక్ స్విచ్ ఇస్తున్న కార్లలో 5 వాట్ల చిన్న బల్బుతో సరిపెట్టుకోండి. క్యాన్ తీగల మీద, సెన్సర్ల తీగల మీద, పసుపు రంగు కప్లర్ ఉన్న ఎయిర్‌బ్యాగ్ తీగల మీద ఏ బల్బూ ఎప్పుడూ పెట్టవద్దు.

మీ కేసును పోలినది ఒకటి గుర్తుకు వస్తోంది. అది కూడా వెనుక వైపరు ఉన్న చిన్న ఎస్‌యూవీనే. వేరే చోట అప్పటికే మాడ్యూల్ మార్చారు. పది రోజులు పనిచేసి మళ్ళీ మూగబోయింది. "వాన పడినప్పుడే వస్తుందండీ" అన్నారు యజమాని. డిక్కీ రబ్బరు చూశాను, టెయిల్ ల్యాంపుల వెనుక రబ్బరు చూశాను, బంపర్ వెనుక గాలి పోయే రంధ్రాలు చూశాను, అరగంట సేపు గొట్టంతో నీళ్ళు కొట్టించాను. లోపల ఒక్క చుక్క లేదు. మాడ్యూల్ కప్లర్ మాత్రం తడిగా ఉంది. చివరికి దారి చూపింది ఆ తడి చుట్టూ ఎండిపోయిన తెల్లటి చార. వేలితో రుద్దితే నురగ వచ్చింది. ఆయన వైపరు నీళ్ళ ట్యాంకులో తలస్నానం షాంపూ కలుపుతారట! వెనుక అద్దం కడిగే నీళ్ళ పైపు కారు కప్పు లోపలి నుంచి డిక్కీ తలుపులోకి వెళుతుంది. తలుపు మలుపు దగ్గర దాని అతుకు జారిపోయింది. వాన పడితే ఆయన వెనుక అద్దం కడిగేవారు, కడిగిన ప్రతిసారీ కొంత నీరు కప్పు నుంచి స్తంభం లోపలగా వైరింగ్ కట్ట వెంట దిగి నేరుగా కప్లర్ మీద పడేది. నేరం వానదని అందరం అనుకున్నాం. పైపు అతుకు సరిచేసి, పిన్నులు శుభ్రం చేసి, రెండు పిన్నులు మార్చి పంపించాను. ఆయన ఇంట్లో అట్టపెట్టెలో ఉన్న పాత మాడ్యూల్‌ను కుతూహలం కొద్దీ బిగించి చూశాం. అదీ నిక్షేపంగా పనిచేసింది.

మీరు ఈ ఒక్కటి ఈరోజే చూడవచ్చు. ఎండగా ఉన్నప్పుడు, పార్కింగ్ సహాయం బాగా పనిచేస్తున్న సమయంలో, వెనుక అద్దానికి నీళ్ళు రెండు మూడుసార్లు గట్టిగా కొట్టి, పది నిమిషాలు ఆగి రివర్సు వేయండి. సందేశం వస్తే స్కానర్ అక్కర్లేదు. రాకపోతే డిక్కీ కింద స్టెప్నీ గుంతలో చెయ్యి పెట్టి తడి చూడండి. ఇంకో సంగతి: రాగి తీగ తొడుగు లోపల నీరు వత్తి పీల్చినట్టు చాలా దూరం పాకుతుంది. తడి కనిపించిన చోటే నీరు దిగిన చోటు అనుకోవద్దు.

కరెంటు, ఎర్త్ రెండూ బాగుండి, తడి కూడా లేకపోతేనే క్యాన్ తీగల దగ్గరకు రావాలి. వేగంగా నడిచే క్యాన్‌లో రెండు కొసల్లోనూ 120 ఓముల నిరోధకం ఒక్కొక్కటి ఉంటుంది. బ్యాటరీ నెగటివ్ తీసేసి, కొన్ని నిమిషాలు ఆగి, రెండు క్యాన్ తీగల మధ్య కొలిస్తే రెండూ కలిసి 60 ఓముల దగ్గర చూపించాలి. 120 వస్తే ఒక కొస తెగింది. సున్నా దగ్గర ఉంటే తీగలు రెండూ ఒకదానికొకటి తగులుకున్నాయి. 40 వస్తే ఎవరో మూడో నిరోధకం ఉన్న పరికరాన్ని తెచ్చి తగిలించారు, బయట కొన్న వస్తువులతో ఇలా జరుగుతుంది. బ్యాటరీ కలిపి, తాళం ఆన్ చేసి ఒక్కో తీగను ఎర్త్‌తో కొలిస్తే, ఒకటి రెండున్నర వోల్టులకు కాస్త పైన, రెండోది కాస్త కింద కదలాడుతూ ఉండాలి, రెండూ కలిపితే దాదాపు 5. మీటరు చూపేది సగటు మాత్రమే. నిజంగా తీగ మీద నడుస్తున్న మాట ఒకటి 3.5 దాకా ఎగసి, రెండోది 1.5 దాకా దిగి, మళ్ళీ రెండూ 2.5 దగ్గర కలుసుకునే ఆట. దాన్ని చూడాలంటే వోల్టేజి ఎగుడుదిగుళ్ళను తెర మీద గీసి చూపే ఆసిలోస్కోపు కావాలి. అప్పుడప్పుడు వచ్చి పోయే లోపాలకు అది ఉన్న మెకానిక్‌కు వంద రూపాయలు ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు.

ఈ కొలతలో ఒక మోసం ఉంది. స్టీరింగ్ కింద స్కానర్ తగిలించే ఓబీడీ సాకెట్‌లో 6, 14 పిన్నుల మధ్య 60 ఓములు చూసి "క్యాన్ బాగుంది" అని తీర్మానించేవారిని చాలామందిని చూశాను. ఇప్పటి కార్లలో ఆ సాకెట్ తరచుగా గేట్‌వే మాడ్యూల్ దగ్గరే ఆగిపోతుంది. గేట్‌వే అవతల పార్కింగ్ మాడ్యూల్ ఉన్న క్యాన్ వేరే జంట. వాకిట్లో నిలబడి పెరట్లో బావి లోతు కొలిచినట్టు ఉంటుంది ఆ పని. కొలత పార్కింగ్ మాడ్యూల్ కప్లర్ దగ్గరే తీసుకోవాలి. అక్కడ 60 రాకుండా అసలు దారే లేనట్టు చూపిస్తే, ప్రధాన తీగ నుంచి మాడ్యూల్‌కు వచ్చే కొమ్మ తెగిందన్న మాట. ఆ కొమ్మ ఒక్కటే తెగితే మిగిలిన కారంతా హాయిగా నడుస్తుంది, ఈ ఒక్క మాడ్యూల్ మాత్రమే మూగబోతుంది. మీ లక్షణం ఇదే కాబట్టి ఆ కొమ్మను డోరు మెట్టు పట్టీ కింద, సీటు కింద వేలితో తడుముతూ రండి. ఎలుక కొరికిన తీగలు నేను అక్కడే ఎక్కువ చూశాను, వానాకాలంలో మరీను.

తెగిన క్యాన్ తీగను అతికేటప్పుడు రెండు తీగలనూ ఒకే పొడవు ఉంచి, మెలిక అలాగే వచ్చేలా అతకండి. మెలిక విప్పిన భాగం ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. సోల్డర్ చేసి వేడికి ముడుచుకునే గొట్టం తొడగాలి. ఇన్సులేషన్ టేపు చుట్టి వదిలేస్తే మళ్ళీ వచ్చే వానాకాలం మీరు మరో ప్రశ్న రాస్తారు.

సెన్సర్ల గురించి కొద్దిగా. బంపర్‌లోని సెన్సర్ పోతే సాధారణంగా వచ్చేది బి అక్షరం కోడ్, యు కాదు. మాడ్యూల్ మాట్లాడుతూనే ఉంటుంది, ఫలానా మూల సెన్సర్ పలకడం లేదని అదే చెబుతుంది. రివర్సు వేసి సెన్సర్ మీద వేలు ఆనిస్తే టిక్ టిక్ అని సన్నగా తగులుతుంది, తగలనిది అనుమానితుడు. కొన్ని కార్లలో మాత్రం సెన్సర్లన్నీ లిన్ అనే ఒకే తీగ మీద ఉంటాయి. ఒక్క సెన్సర్ లోపల షార్టు అయితే మొత్తం వరుస మూగబోతుంది. ఆ తీగ మీద బ్యాటరీకి దగ్గరగా ఉండవలసిన వోల్టేజి సున్నాకు పడిపోయి ఉంటే, సెన్సర్లను ఒక్కొక్కటిగా ఊడదీస్తూ రండి. ఏది ఊడదీయగానే వోల్టేజి లేచి నిలబడిందో అదే దొంగ. బంపర్‌కు ఈమధ్య రంగు వేయించి ఉంటే, కప్లర్ సగమే నొక్కి వదిలేసి ఉండవచ్చు. ముందు అది చూడండి.

2019 జూలై 1 నుంచి మన దేశంలో కొత్త కార్లకు వెనుక పార్కింగ్ సెన్సర్లు తప్పనిసరి అయ్యాక ఇలాంటి ప్రశ్నలు పెరిగాయి. చవక మోడళ్ళలో వేరే పార్కింగ్ మాడ్యూలే ఉండదు, బీసీఎం ఆ పని చూసుకుంటుంది. అలాంటి కారుకు యు0159 చూపిస్తే స్కానర్‌లో కారు మోడల్ తప్పుగా ఎంచుకున్నారేమో అడగాలి. మీ కారులో వేరే మాడ్యూల్ ఉందో లేదో వైరింగ్ చిత్రంలో చూసుకోండి.

బయట షాపులో రివర్సు కెమెరా గానీ, పెద్ద తెర స్టీరియో గానీ, వెనుక సీట్ల కింద యాంప్లిఫయర్ గానీ పెట్టించారా? పెట్టించి ఉంటే వాటిని పూర్తిగా ఊడదీసి ఒక రోజు నడిపి చూడండి. కెమెరాకు కరెంటు కోసం రివర్సు లైటు తీగను బ్లేడుతో గీరి మెలిపెట్టి వదిలేస్తారు. అదే తీగ పార్కింగ్ మాడ్యూల్‌ను లేపే కార్లు ఉన్నాయి.

ఇవన్నీ చూశాక కూడా కరెంటు, ఎర్త్ బల్బును తెల్లగా వెలిగించి, కప్లర్ దగ్గర క్యాన్ 60 ఓములు చూపించి, వోల్టేజీలు సరిగా కదలాడుతూ, అయినా మాడ్యూల్ పలకకపోతే, అప్పుడు మాడ్యూల్ మీద నేరం రుజువైనట్టు. మార్చేటప్పుడు కొత్తదాన్ని మీ కారుకు తగ్గట్టు కోడింగ్ చేయడం కూడా ఆ 26,000లో ఉందో లేదో ముందే అడగండి. పాత సామాన్ల షాపులో మాడ్యూల్ చవకగా దొరుకుతుంది కానీ, అది వేరే కారు ఛాసిస్ నంబరును గుర్తుపెట్టుకుని ఉంటే మీ కారు దాన్ని ఒప్పుకోకపోవచ్చు. పార్ట్ నంబరు చివరి అక్షరం దాకా కలవాలి.

వెనుక అద్దం నీళ్ళ పరీక్ష చేసి ఏమైందో చెప్పండి. దానితోపాటు కప్లర్ పిన్నుల ఫోటో, బల్బు ఎలా వెలిగింది, బల్బు వెలుగుతుండగా ఎర్త్ దగ్గర మీటరు ఎంత చూపింది, ఈ మూడూ రాయండి. సర్వీసు కేంద్రానికి మాత్రం అంతవరకు అడ్వాన్సు కట్టవద్దు.